అద్దము లేని కెమేరా మనకు తగునా?

గత విద్యాసంవత్సరము చివరి దినములలో మా విద్యార్థి యొకడు ఉపాధ్యాయుల గదికి వచ్చి, "సార్, చిన్న మిర్రర్‌లెస్ కెమేరా కొనమంటారా?" అని అడిగినాడు. తండ్రి కువైత్‌లో డ్రైవరు. చెల్లెలి చదువుకై దాచిన పైకములో కొంత తీసి ఇచ్చుటకు ఆయన ఒప్పుకొన్నాడు. సెలవు దినములలో పెండ్లిండ్లకు ఫోటోలు తీసి ఆ సొమ్మును తిరిగి చేర్చవలెనని పిల్లవాని సంకల్పము. వెంటనే అవునని గాని కాదని గాని మేము చెప్పలేకపోయినాము. ఆ పిమ్మట మేము విచారించి తెలిసికొన్న విషయములే ఈ వ్యాసము. కళాశాలకు ఒక కెమేరా కొనవలెనను ఆలోచన కమిటీ పెద్దలకును ఉన్నందున, వారికి కూడ ఇది ఉపకరించునని ఆశించుచున్నాము.

మొదట అద్దము సంగతి చూతము. స్టూడియోలలో చిరకాలముగా వాడుకలో నున్న ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో, లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దము ఉండును. లెన్సు గుండా వచ్చిన వెలుగు ఆ అద్దముపై పడి పైకి మరలి మన కంటికి చేరును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును. అప్పుడు వెలుగు వెనుకనున్న ఫిల్ముపైన గాని, డిజిటల్ కెమేరాలో సెన్సారు అనెడి ఫలకముపైన గాని పడును. అద్దము ఆడుటకు లోపల చోటు కావలెను. అందుచేతనే 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ పద్ధతిలో లెన్సు అమరు చోటికిని ఫిల్ముకును నడుమ 46.5 మి.మీ. దూరము ఉంచినారు. అద్దమును తీసివేసి, సెన్సారు చూచినదానినే చిన్న తెరపై మనకు చూపినచో ఆ దూరము అవసరము లేదు. 2008లో ఒలింపస్, పానాసోనిక్ సంస్థలు ప్రకటించిన మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిలో అది సుమారు 20 మి.మీ.లకు తగ్గినది. ఆ సంవత్సరమే పానాసోనిక్ జి1 కెమేరా వెలువడినది. 2013లో సోనీ, 2018లో కేనన్, నికాన్ సంస్థలు పెద్ద సెన్సారుతో అద్దము లేని కెమేరాలను తెచ్చినవి.

ఇచ్చట పలువురు పొరపడుచున్నారు. అద్దము లేనంత మాత్రమున కెమేరా చిన్నది కాదు. సోనీ ఎ7-4 బరువు 658 గ్రాములు. దానికి ఆ సంస్థవారి 24-70 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సును (మొదటి రకము 886 గ్రాములు) తగిలించినచో మొత్తము ఒకటిన్నర కిలో దాటును. ఒలింపస్ ఇ-ఎమ్10 మూడవ రకము 410 గ్రాములు. దాని 14-42 మి.మీ. పలుచని జూమ్ లెన్సు 93 గ్రాములే. రెండింటిలోను అద్దము లేదు. భేదమంతయు సెన్సారు పరిమాణములోను, దానికి తగిన లెన్సులోను ఉన్నది. కావున కొనువారు కెమేరాను మాత్రమే గాక లెన్సులతో కూడిన పద్ధతి మొత్తమును తూచి చూడవలెను.

పెద్ద సెన్సారు 36×24 మి.మీ.; మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సారు 17.3×13 మి.మీ. వైశాల్యములో ఇది దానిలో నాలుగవ వంతు కంటె కొంచెము ఎక్కువ. ఈ రెంటికి నడుమ ఎ.పి.ఎస్.-సి. అను మధ్యరకము సెన్సారు కూడ కలదు. చిన్న ఫలకము చిన్న లెన్సుతో తృప్తిపడును. కాని ఒకే ఎఫ్ సంఖ్యపై, ఒకే వేగమున అది పట్టు వెలుగు మొత్తము తక్కువ. అందుచే మసక చీకటిలో చిత్రమునందు గరుకుదనము ముందుగా కనిపించును. ఈ వివాదము నూతనమైనదేమియు కాదు. 1925లో లైకా కెమేరా సినిమా ఫిల్ముపై 36×24 మి.మీ. బొమ్మను తీసినప్పుడు, పెద్ద గాజుపలకలకు అలవాటుపడిన వారికి అది బుల్లి కెమేరాగా తోచినది. నేడు "ఫుల్ ఫ్రేమ్" అని మనము గొప్పగా చెప్పుకొనునది ఆ బుల్లి పరిమాణమే! ఎంత చాలునన్నది పనిని బట్టి నిర్ణయింపబడును.

మన ప్రాంతపు పనులనే తీసికొందము. చంద్రగిరి రాజమహలును పగటివేళ బయటినుండి తీయుటకు చిన్న సెన్సారు చక్కగా చాలును. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాని కలపు మొనను దగ్గరనుండి తీయునప్పుడు చిన్న సెన్సారే మేలు; ఒకే దృశ్యమును ఒకే ఎఫ్ సంఖ్యతో తీసినచో, చేయియు వస్త్రమును రెండును స్పష్టముగా వచ్చు అవకాశము దీనిలో ఎక్కువ. నేలపట్టులో గూడబాతులను తీయు జంతుశాస్త్ర విద్యార్థికి ఇది మరింత అనుకూలము. ఈ సెన్సారుపై 300 మి.మీ. లెన్సు, పెద్ద సెన్సారుపై 600 మి.మీ. లెన్సు చూపినంత దృశ్యమునే చూపును. ఒలింపస్ 75-300 మి.మీ. జూమ్ బరువు 423 గ్రాములు. పెద్ద కెమేరాల 600 మి.మీ. ఎఫ్ 4 లెన్సులు మూడు కిలోల ప్రాంతములో ఉండును. అయితే ఆ చిన్న జూమ్ పూర్తిగా చాచినప్పుడు ఎఫ్ 6.7 మాత్రమే. ప్రొద్దు వాలినచో దాని శక్తియు వాలును.

షాదీఖానాలో రాత్రిపూట జరుగు నికాహ్ సంగతి వేరు. చిన్న కెమేరాలలో చేతి వణుకును సరిదిద్దు ఏర్పాటు ఉండవచ్చును. అది గోడను, స్తంభమును నిలకడగా చూపగలదు గాని, కౌగిలించుకొనుచున్న బంధువులను కదలకుండ నిలుపలేదు. అచ్చట వెలుగును ఎక్కువగా రానిచ్చు లెన్సు కావలెను. ఎఫ్ 1.8, ఎఫ్ 5.6 కంటె దాదాపు పది రెట్ల వెలుగును రానిచ్చును. కనుక చిన్న పద్ధతిని ఎన్నుకొన్నవారు కెమేరాతో వచ్చు జూమ్‌తో సరిపెట్టుకొనక, 25 మి.మీ. ఎఫ్ 1.8 వంటి లెన్సు వెలను కూడ ముందే లెక్కలో వేయవలెను. తిరుమల ఆలయము లోపలికి కెమేరాలను అనుమతింపరు. అచ్చటికై ఏ కెమేరాయు కొననక్కరలేదు!

మరికొన్ని లోపములు కూడ కలవు. తెర ఎల్లప్పుడును వెలుగుచుండుటచే బ్యాటరీ త్వరగా తరుగును. సంస్థలు ప్రకటించు లెక్కల ప్రకారము ఇట్టి చిన్న కెమేరాలు ఒక చార్జికి 300-400 చిత్రములు తీయగా, సామాన్యమైన అద్దపు డిజిటల్ కెమేరాలు 500 నుండి 950 వరకు తీయును. లెన్సు మార్చునప్పుడు పలు నమూనాలలో సెన్సారు బయటపడి ఉండును. వేసవిలో మన దుమ్ము గాలి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటిలో నికాన్ పాత లెన్సులున్నవారు ఎఫ్.టి.జెడ్. అడాప్టరుతో వానిని క్రొత్త జెడ్ కెమేరాలకు తగిలింపవచ్చును గాని, లోపల మోటారు లేని లెన్సులను చేతితోనే ఫోకసు చేసికొనవలెను.

కొనుటకు ముందు చేయదగిన పనులు మూడు. మొదటిది, గడచిన సంవత్సరములో ఫోనుతో తీసిన చిత్రములనన్నిటిని చూచి, ఎచ్చట ఫోను చాలలేదో వ్రాసికొనుట. అట్టి సందర్భము లేనిచో ఏ కెమేరాయు అక్కరలేదు. రెండవది, ఒక దినము కెమేరాను ఎరువు గాని అద్దెకు గాని తెచ్చి, మనము నిజముగా తీయు వేళలో, తీయు చోటనే వాడి చూచుట. మూడవది, లెన్సు, రెండవ బ్యాటరీ, కార్డు, సంచి వెలలను కూడి, చెడినచో బాగుచేయువారు తిరుపతిలో ఉన్నారా, లేక చెన్నైకి పోవలెనా అని విచారించుట.

మా విద్యార్థి రెండవ పనిని పట్టుదలతో చేసినాడు. ఒక స్టూడియోవారి వెంట సహాయకుడుగా నాలుగు పెండ్లిండ్లకు పోయి, రెండు రకముల కెమేరాలను చేతబట్టి చూచినాడు. తుదకు, ఎవరో వాడిన అద్దపు కెమేరాను, 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సుతో, తాననుకొన్న మొత్తములో సగమునకే కొన్నాడు. మిగిలిన సొమ్ము చెల్లెలి పేరనే ఉన్నది. కళాశాలకు మాత్రము మేము చిన్న పద్ధతినే సూచింతుము. మన అవసరములు విహారయాత్రలు, ఆటలపోటీలు, ఈ సంచికలోని చిత్రములు. అవి చాలవరకు పగటివే. విద్యార్థుల చేతులలో తిరుగు వస్తువు తేలికగా ఉండుటయు మంచిదే. అయితే దానిని బీరువాలో పెట్టి తాళము వేయక, పిల్లల చేతికి ఇచ్చుటకు సిద్ధపడిన పిమ్మటనే కొనవలెనని మా మనవి.