రోడ్డెక్కిన రైలింజన్!

రైలింజన్‌ని పట్టాల మీంచి దించి, తారురోడ్డు మీద నడిపించుకుంటూ మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్లారు. అందులోని జనరేటరుతో కరెంటు తెచ్చుకోవడానికి! 1998 జనవరిలో కెనడాలోని మాంట్రియల్ పక్కనున్న బూషెర్‌విల్‌లో జరిగిన సంగతిది.

అంత అవసరం తెచ్చిపెట్టింది వాన. మన దగ్గర తుపానుకు స్తంభాలు కూలేది గాలి విసురుకి. అక్కడ గాలి పెద్దగా లేకుండానే కూలాయి. పైన కాస్త వెచ్చటి గాలి, నేలని అంటిపెట్టుకుని సున్నా కన్నా తక్కువ చలి ఉంటే... చినుకు నీరుగానే దిగి, తీగనో కొమ్మనో తాకగానే గడ్డకడుతుంది. దానిమీద మరో చినుకు, మరో పొర. చూడ్డానికి ఊరంతా గాజుతో పోతపోసినట్టు అందంగానే ఉంటుంది. కానీ బరువో! ఐదారు రోజులపాటు విడతలు విడతలుగా కురిసేసరికి వందలాది ఉక్కు టవర్లు, 30 వేల దాకా చెక్క స్తంభాలు నేలకొరిగాయి. క్యూబెక్ రాష్ట్రంలో దాదాపు సగం జనాభాకి కరెంటు లేదు. కొందరికి నెల దాటాకగానీ రాలేదు.

చీకటినైనా భరించొచ్చు, చలినెలా? జలవిద్యుత్తు చవగ్గా దొరుకుతుంది కదాని అక్కడ చాలా ఇళ్లని వెచ్చబెట్టేది కరెంటు హీటర్లే. అవి ఆగిపోయాక, ఆరుబయట వాడాల్సిన జనరేటర్లూ బొగ్గుపొయ్యిలూ ఇంట్లో పెట్టుకుని, కార్బన్ మోనాక్సైడ్ పీల్చి చనిపోయినవాళ్లున్నారు.

ఒక టవరు పడుతూ పక్కదాన్నీ లాగేయకుండా, ఆ తర్వాత మధ్యమధ్యలో మరింత బలమైనవి నిలబెట్టారు. 2023 ఏప్రిల్‌లో మళ్లీ అలాంటి వానే పడి 10 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఈసారి ఎక్కువగా తీగల్ని తెంచింది, మంచు బరువుకి విరిగిన చెట్లకొమ్మలు.