పంచిపెట్టగా బతికిన స్పైస్

1960ల చివరికల్లా సర్క్యూట్ ఇంజినీర్లకు కొత్త చిక్కు వచ్చిపడింది. అంతకుముందు సర్క్యూట్ పనిచేస్తుందో లేదో తెలియాలంటే రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు తెచ్చి, బోర్డు మీద సోల్డరింగ్ చేసి, ఆసిల్లోస్కోప్ తగిలించి చూసుకునేవారు. చిప్పులు వచ్చాక అది కుదరలేదు. గోరంత సిలికాన్ ముక్క మీద భాగాలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పొరల మధ్య పుట్టే అతిచిన్న కెపాసిటెన్సులు కూడా ఫలితాన్ని మార్చేస్తాయి. తయారై వచ్చిన చిప్పులో తప్పు బయటపడితే ఊడదీసి మార్చడానికి వీల్లేదు, మళ్లీ మొదటి నుంచి తయారు చేయాల్సిందే.

అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ రొనాల్డ్ రోరర్ 1969-70లో తన తరగతి విద్యార్థుల చేతనే, సర్క్యూట్ ఎలా నడుస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాం (సిమ్యులేటర్) రాయించారు. దానికి పెట్టిన పేరు 'క్యాన్సర్'. ఆ పొడి అక్షరాల్లో చివరివి 'రేడియేషన్ మినహా' అని చెబుతాయి. అప్పట్లో ఇలాంటి ప్రోగ్రాములు చాలావరకు రక్షణ శాఖ డబ్బుతో, అణు రేడియేషన్‌ను సర్క్యూట్లు తట్టుకుంటాయా లేదా చూడటానికి తయారయ్యేవి. వియత్నాం యుద్ధం మీద నిరసనలు హోరెత్తుతున్న బర్క్‌లీలో ఆ విద్యార్థులు తమ పని అది కాదని పేరులోనే చాటారు.

రోరర్ వెళ్లిపోయాక, ఆ విద్యార్థుల్లో ఒకరైన లారెన్స్ నాగెల్ ప్రొఫెసర్ డోనాల్డ్ పీడర్సన్ దగ్గర చేరారు. పీడర్సన్ పట్టుపట్టింది ఒక్కటే: ప్రోగ్రాం ఎవరు అడిగినా ఇవ్వగలిగేలా ఉండాలి. హక్కుల చిక్కులున్న భాగాలు తీసేసి తిరగరాయగా వచ్చిందే స్పైస్. 1973లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో అది లోకానికి పరిచయమైంది.

దాని పనితీరు చూడండి. 5 వోల్టుల బ్యాటరీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా కలిపామనుకుందాం. ఒక్కో భాగానికి ఒక్కో లైను రాయాలి: భాగం పేరు, దాని రెండు కొసలు కలిసే నోడ్ల నంబర్లు, విలువ. గ్రౌండ్ ఎప్పుడూ 0. స్పైస్ ప్రతి నోడ్ దగ్గరా కిర్కాఫ్ సూత్రం ప్రకారం సమీకరణం రాసుకుని, కాలాన్ని సన్నని ముక్కలుగా కోసి, ముక్కముక్కకూ సాధిస్తుంది. కెపాసిటర్ ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్ వేస్తే ఒక మిల్లీ సెకనుకు దాని మీద సుమారు 3.16 వోల్టులు, ఐదు మిల్లీ సెకన్లకు 4.97 వోల్టులు వస్తాయి.

అసలు కష్టం డయోడ్‌తో మొదలవుతుంది. వోల్టేజీ 0.06 వోల్టు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదింతలవుతుంది. ఇలాంటి సమీకరణాన్ని నేరుగా సాధించలేం. అందుకే స్పైస్ ముందు ఒక విలువ ఊహించి, అక్కడ వక్రరేఖ బదులు స్పర్శరేఖ పెట్టి సాధిస్తుంది. వచ్చిన జవాబుతో మళ్లీ అదే పని, తేడా లెక్కలోకి రానంత చిన్నదయ్యేదాకా. న్యూటన్ పేరుతో మనం చదువుకునే పద్ధతే ఇది. ఒక్కోసారి జవాబు ఎంతకీ కుదురుకోదు. ఈ సమస్య నేటి సిమ్యులేటర్లనూ వదల్లేదు.

అప్పట్లో భాగాలను వివరించే ఆ లైన్లను పంచ్ కార్డుల మీద కొట్టేవారు, అన్నీ పెద్దక్షరాలే. దాంతో 'ఎమ్' మిల్లీకి పోయింది, మెగాకు 'మెగ్' అని మూడక్షరాలూ రాయాల్సి వచ్చింది. ఇప్పటికీ అదే రూలు. పది లక్షల ఓమ్‌ల రెసిస్టర్ అనుకుని ఉత్త 'ఎమ్' రాస్తే, అది ఓమ్‌లో వెయ్యో వంతై, మామూలు సర్క్యూట్‌లో షార్ట్ లెక్కకే వస్తుంది.

బర్క్‌లీ నుంచి స్పైస్ మాగ్నెటిక్ టేపుల మీద కంపెనీలకూ కాలేజీలకూ వెళ్లింది, చదువు ముగించి ఉద్యోగాలకు వెళ్లిన విద్యార్థులతోపాటూ వెళ్లింది. వాడినవాళ్లు పట్టుకున్న తప్పులు, చేసిన దిద్దుబాట్లు తిరిగి బర్క్‌లీ చేరాయి. 1975లో రెండో రూపం, 1989లో సీ భాషలో మూడోది వచ్చాయి. 1984లో పీస్పైస్ అనే రూపం దాన్ని పర్సనల్ కంప్యూటర్‌కు తెచ్చింది. ఆనాటి ఖరీదైన ప్రోగ్రాములు ఎన్నో మరుగున పడ్డాయి, ఉచితంగా పంచినది మాత్రం ప్రమాణమై నిలిచింది. నా దృష్టిలో దాని గణితం ఎంత గొప్పదో, పీడర్సన్ పట్టుదల అంత గొప్పది.

ఆ వంశంలోని ఎన్‌జీస్పైస్ నేడు ఉచితం. దాన్ని ఇముడ్చుకున్న 'ఈసిమ్' అనే సర్క్యూట్ ప్రోగ్రాంను ఐఐటీ బొంబాయి ఉచితంగానే ఇస్తోంది. మన ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులు ల్యాబ్ పరీక్ష దాకా ఆగనక్కర్లేదు. పైన చెప్పిన మూడు భాగాల సర్క్యూట్‌ను ముందు కాగితం మీద లెక్కకట్టి, ఆ తర్వాత సిమ్యులేటర్‌లో నడిపి, రెండు జవాబులూ పోల్చి చూడండి.