ముసలి ఎద్దు రంకె

“మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది” అని మా కొత్తచెరువు రైతుల మాట. జూన్ 7, 8 తేదీలలో సూర్యుడు మృగశిరలో ప్రవేశించినది మొదలు సుమారు 14 రోజులు ఈ కార్తె. దానికి ముందరి రోహిణి ఎండకు రోళ్లే పగులుతాయంటారు. ఇక పశువు మాట చెప్పాలా! తొలకరికి గరిక చిగురిస్తే వయసుడిగిన ఎద్దూ కోడెవలె తల ఎగరవేస్తుంది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే కురిసే ఈ సీమలో మేత కరవైతే మొదట సంతకు చేరేది ముసలి ఎద్దే. రంకె వినవలెనంటే అది వేసవి దాటేవరకు కొట్టంలో ఉండాలి కదా! ఒక కరవులో మా తండ్రిగారు వేరుశనగ కట్టెను గుప్పెడు గుప్పెడుగా పొదుపుచేసి మా ముసలిదానిని నిలిపారు. కాడి మోయలేదని తెలిసీ, ఏరువాక పున్నమినాడు దాని కొమ్ములకే ముందుగా రంగు పూశారు.