నాటకం విడిచి వచ్చిన పాటలు

మారిషస్ నుండి వచ్చి మాంట్రియల్‌లో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు ఉగాది కార్యక్రమానికి ఎన్నుకొనే పాటలలో ‘మీరజాలగలడా’ ఒకటి. అది ఏ సినిమాలోనిదో చాలామంది చెప్పగలరు. సినిమాకు ముందు అది నాటకంలో పాట అని ఎరిగినవారు తక్కువ.

దీనికి కారణం మన చరిత్రలోనే ఉన్నది. కోరంగి రేవు పేరుమీద ‘కొరింగీ’లని పిలువబడిన మన పూర్వులు చెరకు తోటల పనికై ఓడలెక్కినది ఎక్కువగా 19వ శతాబ్ది మధ్యకాలంలో. హార్మోనియంతో, తెరలతో, పద్యాలతో ఆడే నాటకం అప్పటికి తెలుగునాట ఇంకా రూపొందలేదు. సురభి వారి తొలి ప్రదర్శన ‘కీచకవధ’ జరిగినది 1885లో. మన పెద్దలు తమ వెంట తెచ్చుకొన్నవి రామభజన, అమ్మోరు పాటలు. స్టేజి పాట మనకు ఓడలో రాలేదు. రికార్డులలోను, సినిమాలలోను వచ్చింది. అందుచేత నాటకం నుండి విడిపోయిన తరువాతనే మనం దానిని విన్నాము.

ఆ విడిపోవడం గ్రామఫోను కంటె ముందే మొదలైనది. ప్రేక్షకుడు ‘వన్స్‌మోర్’ అని కేక వేసిన క్షణంలో కథ ఆగిపోతుంది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభను ప్రక్కనపెట్టి అదే పద్యాన్ని మరల రాగం తీయవలసినదే. కాంట్రాక్టు నాటకాలలో ఒకే రాత్రి ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకొనేవారు. జనం కథ కొరకు వచ్చినవారు కారు, కథ అందరికీ తెలిసినదే. వారికి కావలసినది ఆ పద్యం, ఆ గొంతు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోని పద్యాలు అక్షరం రాని రైతులకు సైతం కంఠస్థమైనవి ఈ విధంగానే. ఎదురు ప్రయాణం చేసినవీ లేకపోలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకపు కాటి సీనులోకి జాషువా శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరినవి. అవి వేరొక కవి వ్రాసినవని తెలియకయే కన్నీరు పెట్టుకొన్న ప్రేక్షకులు ఎందరో.

ఇక సత్యభామ పాట. ముత్తరాజు సుబ్బారావు గారి ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టేవారు. నాటకకర్త సుబ్బారావు గారైనా, ఈ పాట స్థానం వారే కూర్చుకొన్నదని ప్రసిద్ధి. ఆడవేషంలో ఒక పురుషుడు పాడి ఆంధ్రదేశమంతటా పేరు తెచ్చిన పాట, 1966లో వచ్చిన సినిమాలో పెండ్యాల నాగేశ్వరరావు గారి సంగీతంలో పి. సుశీల గారి గొంతుకు చేరింది. తెరపై సత్యభామ జమున. నేటి పిల్లలకు అసలు పాట అంటే అదే.

మనము నివసిస్తున్న ఈ క్యూబెక్‌లో ఇటువంటి పనిని ముందుగా ఆలోచించి చేసిన కవి ఒకరున్నారు. 1942లో జన్మించిన లూక్ ప్లామోండో ఈ రాష్ట్రం వాడే. ఫ్రాన్సు సంగీతకారుడు మిషెల్ బెర్జేతో కలిసి ‘స్టార్‌మానియా’ అనే రాక్ ఒపేరా వ్రాశాడు. వారు నాటకానికంటె ముందు 1978లో రికార్డు విడుదల చేశారు. పారిస్‌లో ప్రదర్శన 1979లో, మాంట్రియల్‌లో 1980లో. అనగా, తెర లేచేసరికే పాటలు జనం నోట ఉన్నవి. మన ‘వన్స్‌మోర్’ చేసిన పనిని ఇక్కడ రికార్డు చేసింది.

అందులో ఒక ధనికుడు, తాను కళాకారుడనైతే ఎంత బాగుండేదని వాపోయే పాట ఉన్నది. రికార్డు కొరకు దానిని పాడినది మాంట్రియల్ గాయకుడు క్లోడ్ ద్యుబ్వా. 1991లో సెలిన్ డియాన్ ప్లామోండో పాటలతో ఒక ఆల్బమ్ చేసినప్పుడు ఈ పాటనూ, ఇదే ఒపేరాలోని మరి మూడింటినీ తీసుకొన్నది. మరుసటి సంవత్సరం టిమ్ రైస్ ఆంగ్ల సాహిత్యంతో సిండీ లాపర్ ఇంకొక పాటను పాడింది. ధనికుని పాట కూడ పురుషుని నుండి స్త్రీ గొంతుకు మారడం గమనింపదగినది. ఆ వేషం, ఆ సూటు, ఆ దురాశ అన్నీ రాలిపోయినవి. మిగిలినది ఎవరికైనా ఉండదగిన ఒక కోరిక. ఏ పాట బయటికి రాగలదు అన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇదే: ‘నేను’ అని మాట్లాడే పాట, ఒకే భావం పట్టుకొన్న పాట, ముందేమి జరిగినదో తెలియకపోయినా అర్థమయ్యే పాట.

తాళం కూడ ఒక కారణమే. స్టేజి పద్యానికి తాళం లేదు; నటుని ఊపిరి ఎంతవరకో రాగం అంతవరకు. పాత గ్రామఫోను రికార్డు ఒక ప్రక్క సుమారు 3 నిమిషాలు. పద్యం దానిలో ఇరుకున పడింది, పాట హాయిగా ఇమిడింది. మన పిల్లలు పద్యాన్ని విడిచి పాటను ఎన్నుకోవడం భాష రాకపోవడం వల్లనే అని కొందరు పెద్దలు నిందిస్తారు. నాకది సరి అనిపించదు. పద్యానికి అడుగులు వేయడం కష్టం!

అయితే పోయినది ఏమిటో కూడ చూడవలె. తులాభారం కథలో ఆ పాట ఒక మెట్టు. భర్త తన చేతిలోనివాడనే ధీమా సత్యభామది. తరువాత నారదుని మాట విని అతనినే దానమిచ్చి, నగలన్నీ త్రాసులో వేసినా చాలక నిలుచుండిపోతుంది. రుక్మిణి ఉంచిన తులసిదళానికి త్రాసు తూగుతుంది. ఆ పతనం ఎరిగి వింటే పాటలోని ప్రతి గమకంలో జాలి కలుగుతుంది. ఎరుగకుండ వింటే అది అందమైన గారాబం మాత్రమే. పాట రెండు విధాలా నిలుస్తుంది, కాని మొదటిది పెద్ద పాట. ఈ కారణంగానే మా కార్యక్రమాలలో నృత్యానికి ముందు ఒక బాలికచేత రెండు నిమిషాలు కథ చెప్పించడం పెట్టుకొన్నాము. ఫ్రెంచిలో చెప్పినా సరే.

ఇప్పుడు మా కమిటీ ముందున్నది రామభజన విషయం. యువకులు కీబోర్డుతో, ఒకే మంచి గొంతుతో రికార్డు చేసి అందరికీ పంపుదామంటున్నారు. కోరిక మంచిదే. కాని భజనలో సగం పాట వంతపాట వారిది: ఒకరు అందిస్తారు, గుంపు అందుకొంటుంది. ఒక్క గొంతుతో చేసిన రికార్డులో ఆ గుంపుకు చోటుండదు. మా అవ్వవంటి వారు, శ్రుతి లేని గొంతుతో 60 సంవత్సరాలు పాడినది ఆ వంతపాటలోనే. కనుక రెండూ చేయమని నేను చెప్పినాను: కీబోర్డుది వారి ఇష్టప్రకారం, మరొకటి దీపం చుట్టూ కూర్చున్న అందరితో, తాళాలతో, దగ్గులతో సహా.