75 మందిలో 33: ఆట నవలల పాఠకులు ఎక్కడ అలుగుతారు

హేలో వీడియో గేమ్ ఆడినవాళ్లకి మాస్టర్ చీఫ్ అంటే ఆకుపచ్చ కవచం, చేతిలో తుపాకి, ఎప్పుడూ కనిపించని ముఖం. నవల చదివినవాళ్లకి మాత్రం అతను ఆరేళ్ల వయసులో ఇంట్లోంచి మాయం చేసిన జాన్ అనే పిల్లాడు. కథాకాలం ప్రకారం 2517లో మానవ సైన్యం ఇలాంటి పిల్లల్ని 75 మందిని ఎత్తుకొస్తుంది. వాళ్ల ఇళ్లలో అనుమానం రాకుండా అచ్చం అలాగే ఉండే నకలు పిల్లల్ని పెట్టి వెళ్తుంది. ఆ నకళ్లు కొద్ది కాలానికే జబ్బు చేసి చనిపోతాయి. అసలు పిల్లలకి పద్నాలుగేళ్లు వచ్చాక, 2525లో, ఎముకలూ కండరాలూ మార్చే ఆపరేషన్లు చేస్తారు. 30 మంది బల్ల మీదే పోతారు. 12 మంది ఒళ్లు వంకర్లు తిరిగి యుద్ధానికి పనికిరాకుండా పోతారు. మిగిలిన 33 మంది స్పార్టన్లు అవుతారు. నూటికి 44 మంది అన్నమాట.

ఈ అంకెలన్నీ ఎరిక్ నైలండ్ రాసిన ‘హేలో: ద ఫాల్ ఆఫ్ రీచ్’ నవలలోవి. పుస్తకం వచ్చి ఇరవై ఏళ్లు దాటినా పాఠకుల వాదన ఆ 75 చుట్టూనే తిరుగుతోంది.

75 మంది అంటే ఎంతమందో విశాఖలో చూసి తెలుసుకోవచ్చు. ఆర్కే బీచ్ ఇసుక మీద నిలబెట్టిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి సిబ్బంది సరిగ్గా అంతే: 8 మంది అధికారులు, 67 మంది నావికులు. పొడవు 91.3 మీటర్లు. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుని, 2002 ఆగస్టు నుంచి మ్యూజియంగా ఉంటోంది. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు పెట్టి, తర్వాత తల వంచి దూరాలి. ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు గోడకి అతుక్కోవాల్సిందే. మంచం మీద మంచం, మంచానికి ఆనుకుని పైపులు, పైపుల మధ్య చక్రాలు. నేవీలో చేసి రిటైరైన గైడ్లు ఏ చక్రం దేనికో చెబుతుంటే, ఇంతమంది ఇందులో వారాల తరబడి ఎలా ఉన్నారన్న ప్రశ్నే బుర్రలో తిరుగుతుంది. నవలలో ‘75 మంది’ అన్న మాట మీదుగా కన్ను జారిపోతుంది. ఇక్కడ ఆ 75 మందికీ పడుకునే చోటు వెతకాలి. అందులో 42 మంచాలు ఖాళీ అయ్యాయని ఊహిస్తే, నైలండ్ రాసిన ఆపరేషన్ గది ఏమిటో అర్థమవుతుంది.

ఇప్పుడు తేదీల సంగతి. ఈ నవల 2001 అక్టోబరు 30న వచ్చింది. ఆట నవంబరు 15న ఎక్స్‌బాక్స్‌తో పాటు వచ్చింది. అంటే ఆట మీద ఆధారపడిన నవల ఆట కంటే 16 రోజులు ముందు పుట్టింది. నైలండ్‌కి రాయడానికి దొరికిన గడువు ఏడు వారాలు. పుస్తకం సుమారు 340 పేజీలు. ఆదివారాలు కూడా కలుపుకుంటే రోజుకి ఏడు పేజీలు. మన వారపత్రికల సీరియల్ రచయితలకి ఇది పెద్ద వేగమేమీ కాదు గానీ, వాళ్లకి కథ తమ చేతిలో ఉండేది. ఇక్కడ కథ, పాత్రలు, ఓడల పేర్లు, తుపాకీలో ఎన్ని గుళ్లు పడతాయన్నదీ కంపెనీవే. రచయిత వాటికి కట్టుబడి ఉండాలి.

అంత హడావిడిగా రాసిన పుస్తకం ఇన్నేళ్లు ఎందుకు నిలబడింది? నన్నడిగితే కారణం చిన్నదే. నవల ఎక్కడ ఆగుతుందో ఆట అక్కడ మొదలవుతుంది. రీచ్ అనే గ్రహం కూలుతుంటే ‘పిల్లర్ ఆఫ్ ఆటమ్’ అనే ఓడ తప్పించుకుంటుంది, పుస్తకం అయిపోతుంది. ఆట తెరిస్తే అదే ఓడలో చీఫ్ కళ్లు తెరుస్తాడు. ఆటలో మన చేయి చేయని పని మాత్రమే నైలండ్ రాశాడు.

దీనికి ఎదురు ఉదాహరణ రెండేళ్లలోనే వచ్చింది. 2003లో విలియం సి. డైట్జ్ ‘హేలో: ద ఫ్లడ్’ రాశాడు. ఇది మొదటి ఆటకే నవలా రూపం. ఆటలో 10 లెవెల్స్ ఉన్నాయి, నవల ఆ పదింటి వెంటే నడుస్తుంది. చీఫ్ తలుపు తెరుస్తాడు, కాలుస్తాడు, ఇంకో తలుపు తెరుస్తాడు. జాయ్‌స్టిక్ చేతిలో ఉన్నప్పుడు గుండె దడదడలాడించిన ఘట్టం కాగితం మీదకి వచ్చేసరికి పక్కవాడు ఆడుతుంటే వెనక నిలబడి చూసినట్టుంది. పాఠకులు ఎక్కువగా విసుక్కున్నది ఇక్కడే. ఆశ్చర్యమేమంటే అదే పుస్తకంలో వాళ్లకి నచ్చినవి చీఫ్ లేని పేజీలు. ఆటలో మనకి కనబడకుండా జరిగిన మెరీన్ల పోరాటం, మేజర్ సిల్వా, లెఫ్టినెంట్ మెకే. అన్నిటికీ మించి యయాప్. శత్రుసేనలో పొట్టి జాతివాడు. ఆటలో ఇలాంటివాళ్లని మనం వందల్లో కాల్చి పడేస్తాం. నవలలో వాడికి ఒకటే లక్ష్యం: ఈ పూట చావకుండా బయటపడటం. దానికోసం పై అధికారికి చెప్పే అబద్ధాలు, వేసే ఎత్తులు చదువుతుంటే, ఆటలో వాడి మీద తుపాకి గురిపెట్టే చేయి ఓ క్షణం ఆగుతుంది.

డైట్జ్‌కి సైన్యం తెలియదని కాదు. అతను అమెరికా నౌకాదళంలో వైద్య సహాయకుడిగా పనిచేసినవాడు. యూనిఫాం వేసుకున్నవాళ్లు రాస్తే యుద్ధ నవల దానంతటదే బాగుంటుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది, ముఖ్యంగా తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఈ ఊళ్లో. అది సగమే నిజం. ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ 1959లో రాసిన హైన్లైన్ అమెరికా నేవీ అకాడమీలో చదివినవాడు. ‘ద ఫరెవర్ వార్’ 1974లో రాసిన హాల్డెమన్ వియత్నాంలో గాయపడి తిరిగొచ్చినవాడు. వాళ్లిద్దరికీ యుద్ధం మీద చెప్పాల్సిన మాట ఒకటుంది, దానికి తగిన ప్రపంచాన్ని వాళ్లే కట్టుకున్నారు. ఆట నవలలో ప్రపంచం ముందే కట్టేసి ఉంటుంది. అందులో ఏ గది ఎక్కడుందో రచయిత కంటే పాఠకుడికే బాగా తెలుసు.

అది తెలియకపోతే ఏమవుతుందో 2012లో చూశాం. మళ్లీ డైట్జే. మాస్ ఎఫెక్ట్ ఆట మీద అప్పటికి మూడు నవలలు వచ్చాయి: 2007, 2008, 2010. మూడూ రాసింది ఆ ఆటకే ప్రధాన రచయితగా పనిచేసిన డ్రూ కార్పిషిన్. నాలుగోది ‘డిసెప్షన్’ డైట్జ్‌కి అప్పగించారు. 2012 జనవరి 31న వచ్చింది. మూడో ఆట మార్చి 6న రావాలి. మధ్యలో 35 రోజులు. ఆకలి మీదున్న పాఠకులు పుస్తకం మీద పడ్డారు, పడి తప్పులు ఏరారు. కాలక్రమం తప్పు, జాతుల లక్షణాలు తప్పు, సాంకేతిక విషయాలు తప్పు. ఊరికే తిట్టి ఊరుకోలేదు, పేజీలవారీగా పట్టీ రాశారు. పట్టీ వంద దాటింది. అందులో అందరినీ నొప్పించింది మాత్రం అంకె కాదు. గిలియన్ అనే అమ్మాయికి ముందు నవలలో ఆటిజం ఉంది. ఆ పాత్రకి ఊపిరి అదే. ‘డిసెప్షన్’లో అది చడీచప్పుడు లేకుండా మాయమైంది. చివరికి ఆట తయారుచేసిన బయోవేర్, ప్రచురణకర్తలు డెల్ రే కలిసి పాఠకులకి క్షమాపణ చెప్పి, తర్వాతి ముద్రణలో దిద్దుతామన్నారు. నవల బాగా లేదని తిట్టడం మామూలే. పాఠకుల తప్పుల పట్టీ చూసి ప్రచురణకర్త తలవంచడం అరుదు.

లెక్క తప్పడం ఒక్కోసారి రచయిత వైపు నుంచి కాక ఆట వైపు నుంచీ జరుగుతుంది. నైలండ్ 2006లో రాసిన ‘గోస్ట్స్ ఆఫ్ ఓనిక్స్’లో మూడో తరం స్పార్టన్లు వస్తారు. వీళ్లని చవగ్గా, తొందరగా తయారు చేస్తారు, చావడానికే పంపుతారు. ఆల్ఫా కంపెనీలో 300 మంది, ఒక్క దాడిలో 300 మందీ పోతారు. బీటా కంపెనీలో మరో 300 మందిని పంపితే ఇద్దరు తిరిగొస్తారు. చదివినవాడి కడుపులో దేవే అంకెలు. నాలుగేళ్ల తర్వాత, 2010 సెప్టెంబరు 14న ‘హేలో: రీచ్’ ఆట వచ్చింది. అందులో మన దళంలో ఆరుగురు. వాళ్ల గుర్తింపు సంఖ్యలు చూస్తే కార్టర్‌ది ఏ259, జూన్‌ది ఏ266, ఎమిల్‌ది ఏ239. ‘ఏ’ అంటే ఆల్ఫా. అందరూ పోయారన్న కంపెనీ నుంచి ముగ్గురు ఎలా లేచి వచ్చారు? దాడికి ముందే కొందరిని వేరే పనులకి మార్చారని సమాధానం అల్లారు. తర్కానికి సరిపోతుంది. కానీ 300కి 300 అన్న దెబ్బ మెత్తబడిపోయింది. అదే ఆటలో రీచ్ యుద్ధం జులైలోనే మొదలై వారాలపాటు సాగుతుంది, మొదటి నవలలో ఆ గ్రహం ఆగస్టు 30న ఒక్కసారిగా కూలుతుంది. అదే ఏడాది పాత నవలని సవరించి మళ్లీ ముద్రించారు. ఆట అమ్ముడయ్యే సరుకు, నవల దాని వెంట నడిచే తోక. తగువొస్తే దిద్దుకునేది ఎప్పుడూ నవలే.

ఈ తగువు మన ఊరికి కొత్తదేమీ కాదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అందులో 90 మందికి పైగా ఉన్నారు. అది వెతుక్కుంటూ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్‌ని, విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్లిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన పేలుడు గుళ్ల వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది, లోపలి పేలుడు అని పాకిస్తాన్ చెబుతుంది. దర్శకుడు సంకల్ప్ రెడ్డి ముందు ‘బ్లూ ఫిష్’ అనే పుస్తకం రాసి, తర్వాత 2017 ఫిబ్రవరి 17న ‘ఘాజీ’ సినిమా తెచ్చారు. సినిమాలో ఘాజీని ముంచేది రాజ్‌పుత్ కాదు, ఎస్21 అనే భారత జలాంతర్గామి. సినిమాకి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. రెండు జలాంతర్గాముల మధ్య పోరు కథకి అవసరం, కాదనను. కానీ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దాటి రోజూ ఆఫీసుకి వెళ్లేవాడికి రాజ్‌పుత్ ఎటుపోయిందన్న సందేహం వస్తుంది, రావాలి కూడా. హేలో పాఠకుడు ఏ259 చూసి ముఖం చిట్లించుకోవడం వెనకున్నదీ అదే. లోకం కల్పితమైనా, చనిపోయినవాళ్ల లెక్క మాత్రం మారకూడదని అతని పట్టుదల.

పాఠకులు రెండుగా చీలిన చోటు మాత్రం లెక్కకి అందదు. ఆ 75 మంది పిల్లల్ని ఎత్తుకురమ్మన్నది డాక్టర్ హాల్సీ. నైలండ్ ఆమెని పాపభారం మోసే తల్లిలా చూపించాడు. 2011లో కారెన్ ట్రావిస్ ‘గ్లాస్‌ల్యాండ్స్’ రాసింది. ఆమె రక్షణ వ్యవహారాల విలేకరిగా పనిచేసిన బ్రిటిష్ రచయిత్రి, ‘గేర్స్ ఆఫ్ వార్’ నవలలతో అప్పటికే పేరున్న మనిషి. ఆమె పుస్తకంలో హాల్సీని చుట్టూ ఉన్నవాళ్లంతా నేరస్థురాలిగానే చూస్తారు, మొహం మీదే అడుగుతారు. హాల్సీని అభిమానించినవాళ్లకి ఇది మింగుడు పడలేదు. రచయిత్రి తన పగ పాత్రల నోట పలికిస్తోందన్నారు. రెండో వర్గం, పదేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న ఈమె అడిగిందంది. ఈ వరసలో ఆమె మూడో పుస్తకం ‘మోర్టల్ డిక్టాటా’ 2014లో వచ్చింది. అందులో నయోమి అనే స్పార్టన్ తండ్రి ఉంటాడు. తప్పిపోయి తిరిగొచ్చిన పిల్ల తన కూతురు కాదని అతనొక్కడే పసిగట్టి, ఏళ్లకి ఏళ్లు వెతుకుతాడు. ట్రావిస్ గొంతు గట్టిదే, చాలాచోట్ల ఉపన్యాసం ఎక్కువైంది. అయినా నా ఓటు ఆమెకే. అర టన్ను కవచం వేసుకున్న మనిషికి ఓ ఇల్లు ఉండేదని, ఆ ఇంట్లో ఎవరో ఇంకా ఎదురుచూస్తున్నారని ఆటలో ఎంతసేపు ఆడినా తెలియదు.

హేలో నవలలే ఇప్పుడు 30 దాటాయి. అన్నీ చదవక్కర్లేదు. ఆట ఆడకపోయినా మొదలుపెట్టదగ్గది ‘ద ఫాల్ ఆఫ్ రీచ్’, అదీ 2010 తర్వాతి ముద్రణ. తర్వాత ‘గోస్ట్స్ ఆఫ్ ఓనిక్స్’. ‘ద ఫ్లడ్’ దొరికితే యయాప్ ఉన్న పేజీలు చదివి మిగతావి తిప్పేయొచ్చు. ట్రావిస్ మూడు పుస్తకాలు వరసగా చదవాలి, మధ్యలోది ‘ద థర్స్‌డే వార్’. ‘డిసెప్షన్’ జోలికి మాత్రం పోవద్దు. దాని మీద పాఠకులు రాసిన తప్పుల పట్టీ పుస్తకం కంటే ఆసక్తిగా ఉంటుంది.