యూరప్‌లో బైక్ టూర్: జేబులో ఏ కాగితాలుండాలి? ఒంటి మీద ఏం ఉండాలి?

లద్దాఖ్ అయిపోయింది, స్పితి అయిపోయింది. ఇక ఆల్ప్స్ చూడాలని చాలామంది రైడర్లకు ఉంటుంది. ఇటలీలోని స్టెల్వియో పాస్ ఎత్తు 2,757 మీటర్లు. దాని ఉత్తరం వైపు దారిలోనే 48 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. అక్కడ బైక్ అద్దెకు తీసుకుని వారం పదిరోజులు తిరిగి రావడం ఇప్పుడు పెద్ద కష్టమైన పనేమీ కాదు.

కష్టమంతా కాగితాల దగ్గరే. లైసెన్సు, పర్మిట్, బీమా, వీసా, హెల్మెట్... వీటిని చాలామంది విడివిడి విషయాలుగా చూస్తారు. నిజానికి ఇవి ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. లైసెన్సులో లోపం ఉంటే బీమా పనిచేయకపోవచ్చు. బీమా పనిచేయకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఖర్చు మీ నెత్తిన పడుతుంది. అది జరిమానాతో పోయే వ్యవహారం కాదు. ఐరోపా యూనియన్ చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమాలో గాయపడిన ఒక్కో వ్యక్తికి కనీస రక్షణ 13 లక్షల యూరోలు, లేదా ప్రమాదం మొత్తానికి 64.5 లక్షల యూరోలు ఉండాలి. 13 లక్షల యూరోలంటే మన లెక్కలో పది కోట్ల రూపాయల పైమాటే. ఒక మనిషికి గాయమైతే పరిహారం ఏ స్థాయికి వెళ్లవచ్చో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది.

అందుకే బైక్ మోడల్ ఎంచుకునే ముందు కింది విషయాలు ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.

మన లైసెన్సు అక్కడ చెల్లుతుందా?

పర్యాటకులుగా వెళ్తే చెల్లుతుంది. అయితే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఐడీపీ) కూడా దగ్గర పెట్టుకోవాలి. అద్దె సంస్థలు సాధారణంగా రెండూ అడుగుతాయి. ఐడీపీ ఒక్కటే చూపిస్తే సరిపోదు. అది మీ లైసెన్సుకు తోడు పత్రమే తప్ప దానికి బదులు కాదు.

భారత్‌లో ఐడీపీని ఆర్టీఏ కార్యాలయమే ఇస్తుంది. పరివాహన్ పోర్టల్ ద్వారా ఫారం 4ఏతో దరఖాస్తు చేయాలి. రుసుము వెయ్యి రూపాయలు. పాస్‌పోర్టు, వీసా వివరాలు దగ్గర ఉంచుకోండి. పర్మిట్ ఏడాది పాటు చెల్లుతుంది. ఈలోపే మీ లైసెన్సు గడువు ముగిస్తే పర్మిట్ కూడా అక్కడితోనే ఆగిపోతుంది. కాబట్టి ముందు లైసెన్సు గడువు చూసుకోండి.

ఇంటర్నెట్‌లో కొన్ని వెబ్‌సైట్లు ‘ఇంటర్నేషనల్ లైసెన్స్’ పేరుతో డాలర్లు తీసుకుని కార్డులు పంపుతుంటాయి. వాటికి చట్టపరమైన విలువ లేదు. ఆ డబ్బు దండగ.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. మీ లైసెన్సులో కారు (ఎల్ఎంవీ) మాత్రమే ఉండి, గేర్ ఉన్న మోటార్‌సైకిల్ (ఎంసీడబ్ల్యూజీ) లేకపోతే ఐడీపీలోనూ బైక్ రాదు. పర్మిట్ చేతికి రాగానే మోటార్‌సైకిళ్లకు సంబంధించిన ‘ఏ’ కేటగిరీ అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే కౌంటర్ దాటక ముందే అడగండి. ఫోన్‌లో డిజీలాకర్ కాపీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది మన దేశంలో పనికొస్తుంది. అక్కడ అసలు కార్డే చూపించాలి.

ఎంత సీసీ బైక్ నడపొచ్చు?

మన దగ్గర గేర్ బైక్ లైసెన్సు ఉంటే 100 సీసీ అయినా, 1,200 సీసీ అయినా ఒకటే. యూరప్‌లో అలా కాదు. అక్కడివాళ్లకు లైసెన్సులు మెట్ల వారీగా ఉంటాయి. ఏ1 అంటే 125 సీసీ, 11 కిలోవాట్ల వరకు. ఏ2 అంటే 35 కిలోవాట్ల వరకు. ఆపై శక్తి ఉన్న బైక్‌లకు పూర్తి ‘ఏ’ లైసెన్సు కావాలి. మన రైడర్లకు తెలిసిన హిమాలయన్ 450 సుమారు 29 కిలోవాట్ల బండి కాబట్టి ఏ2 పరిధిలోకి వస్తుంది.

పర్యాటకులు ఈ పరీక్షలు రాయనక్కర్లేదు. కానీ అద్దె సంస్థలు పెద్ద బైక్‌లకు సొంత షరతులు పెడతాయి. కనీస వయసు ఇంత ఉండాలి, లైసెన్సు తీసుకుని ఇన్నేళ్లు కావాలి అంటాయి. బుక్ చేసే ముందే ఆ షరతులు చదవండి. ఇక్కడ నడిపిన అనుభవం 150 సీసీ వరకే ఉంటే, సామానుతో కలిపి రెండొందల యాభై కిలోలు దాటే బైక్‌తో కొండ మలుపుల్లో మొదటి పాఠం నేర్చుకోవద్దు.

అక్కడ చదువుకుంటున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుందా?

వర్తించదు. జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. అక్కడ నివాసం ఏర్పరచుకున్న తర్వాత భారతీయ లైసెన్సు మామూలుగా ఆరు నెలలే చెల్లుతుంది. ఆపై జర్మన్ లైసెన్సు తీసుకోవాలి. పరీక్ష లేకుండా మార్చి ఇచ్చే దేశాల జాబితాలో భారత్ లేదు కాబట్టి రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. గడువు దాటాక నడిపితే అది చిన్న ట్రాఫిక్ తప్పు కాదు, క్రిమినల్ నేరం. ‘ఐడీపీ ఏడాది ఉంది కదా’ అన్న వాదన అక్కడ నిలవదు.

బ్రిటన్‌లో స్థిరపడినవాళ్లకు ఈ గడువు 12 నెలలు. అక్కడ ఉంటున్నా చేతిలో ఉన్నది భారతీయ పాస్‌పోర్టే అయితే, ఫ్రాన్స్‌లో అడుగు పెట్టడానికి షెంజెన్ వీసా వేరుగా కావాలి. సొంత బైక్‌తో వెళ్తే దాని రిజిస్ట్రేషన్ పత్రం, బైక్ మీద ‘యూకే’ గుర్తు ఉండాలి. పాత ‘జీబీ’ స్టిక్కర్ 2021 సెప్టెంబరు 28 నుంచి చెల్లడం లేదు.

వీసా విషయంలో రైడర్లు ఏం చూసుకోవాలి?

షెంజెన్ వీసాతో 29 దేశాల్లో తిరగొచ్చు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి.

మీ దారి షెంజెన్ సరిహద్దు దాటి బోస్నియా, అల్బేనియా, సెర్బియా వైపు వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుందా? అయితే మల్టిపుల్ ఎంట్రీ వీసా తీసుకోండి. సింగిల్ ఎంట్రీతో ఒకసారి బయటికి వెళ్తే తిరిగి లోపలికి రానివ్వరు. బ్రిటన్, ఐర్లండ్ షెంజెన్‌లో లేవు. వాటికి వేరే వీసాలు కావాలి. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ విధానం దశలవారీగా మొదలైంది. 90 రోజుల లెక్కను ఇక కంప్యూటరే చూస్తుంది.

బీమా ఎన్ని రకాలు కావాలి?

రెండు. ఒకటి మీ కోసం, రెండోది బండి కోసం.

మీ కోసం తీసుకునేది ట్రావెల్ ఇన్సూరెన్స్. వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య రక్షణ ఉండాలి. కానీ వీసాకు సరిపోయిన పాలసీ బైక్ టూర్‌కు సరిపోతుందని అనుకోవద్దు. కొన్ని పాలసీలు మోటార్‌సైకిల్ నడపడాన్ని మినహాయిస్తాయి, లేదా ఇంత సీసీ వరకే అని పరిమితి పెడతాయి. సరైన లైసెన్సు, హెల్మెట్ లేకుండా జరిగిన ప్రమాదానికి చెల్లించబోమని రాసుకుంటాయి. పాలసీ పత్రంలో ‘మినహాయింపులు’ అన్న పేజీ చదవండి. సందేహముంటే కంపెనీకి ఈమెయిల్ పంపి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఏజెంటు ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ నాడు అక్కరకు రాదు.

అద్దె బైక్‌కు థర్డ్ పార్టీ బీమా ఉంటుంది. మీరు అడగాల్సినవి మూడు: బైక్‌కు దెబ్బ తగిలితే మొదట మీరు భరించాల్సిన మొత్తం ఎంత? ఏయే దేశాల్లోకి తీసుకెళ్లొచ్చు? షెంజెన్ బయటి దేశాలకు గ్రీన్ కార్డు ఇస్తారా? గ్రీన్ కార్డంటే బీమా ఉన్నట్లు వేరే దేశంలో చూపే అంతర్జాతీయ ధ్రువపత్రం. 2020 జులై నుంచి దాన్ని తెల్ల కాగితం మీద ముద్రించినా చెల్లుతుంది. అనుమతి లేని దేశంలోకి బైక్ తీసుకెళ్తే ఆ క్షణం నుంచి బీమా ఉన్నా లేనట్లే కావచ్చు.

మన బైక్‌నే తీసుకెళ్తే?

ఓడలోనో, విమానంలోనో, రోడ్డు మార్గంలోనో తీసుకెళ్లే వాళ్లున్నారు. ఇక్కడి బీమా పాలసీ యూరప్‌లో పనిచేయదు. అదనపు ప్రీమియంతో నేపాల్, భూటాన్, శ్రీలంక లాంటి పొరుగు దేశాల వరకే దాన్ని పొడిగించుకోవచ్చు. కాబట్టి యూరప్‌లో అడుగు పెట్టేటప్పుడు సరిహద్దు బీమా కొనాలి. యూరప్ బయటి వాళ్లు తమ దేశంలో రిజిస్టరైన బైక్‌ను సొంతానికి వాడుకుంటే, సుంకం లేకుండా మామూలుగా ఆరు నెలల వరకు ఉంచుకోవచ్చు. అమ్మకూడదు, అక్కడివాళ్లకు నడపడానికి ఇవ్వకూడదు.

ఇరాన్ మీదుగా రోడ్డు మార్గంలో వెళ్లేవాళ్లకు ‘కార్నే’ అనే కస్టమ్స్ పుస్తకం కావాలి. ఇది బండికి పాస్‌పోర్టు లాంటిది. భారత్‌లో దీన్ని ఆటోమొబైల్ సంఘాలు పూచీకత్తు తీసుకుని ఇస్తాయి. ఒరిజినల్ ఆర్సీ వెంట ఉండాలి. బండి వెనక ‘ఐఎన్‌డీ’ అక్షరాల కోలాకారపు స్టిక్కర్ ఉండాలి. మన హెడ్‌లైట్ ఎడమ వైపు రోడ్డుకు తగ్గట్టు ఉంటుంది. బ్రిటన్, ఐర్లండ్, మాల్టా, సైప్రస్ తప్ప మిగతా యూరప్ కుడి వైపు నడుస్తుంది కాబట్టి, ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా దాన్ని సరిచేయించుకోవాలి.

హెల్మెట్, జాకెట్, గ్లవ్స్: ఏ దేశంలో ఏం కావాలి?

హెల్మెట్: మన ఐఎస్ఐ ముద్రను యూరప్ ప్రమాణంగా లెక్కించరు. ఈసీఈ 22.05 లేదా 22.06 ఉన్న హెల్మెట్ కొనండి. గడ్డం కింది పట్టీకి కుట్టిన చీటీపై వృత్తంలో ‘ఈ’ అక్షరం, పక్కన అంకె ఉంటాయి. వెనక కూర్చునేవారికీ ఇదే నియమం. ఇటలీలో హెల్మెట్ లేకుండా పట్టుబడితే జరిమానాతో పాటు బండిని 60 రోజులు నిలిపేస్తారు. పది రోజుల టూర్ అక్కడితో ఆఖరు.

ఫ్రాన్స్: సీఈ ముద్ర ఉన్న గ్లవ్స్ 2016 నవంబరు నుంచి తప్పనిసరి. లేకపోతే 68 యూరోలు కట్టాలి. మెరిసే జాకెట్ బైక్‌లోనే అందుబాటులో ఉంచుకుని, బండి ఆగిపోయినప్పుడు వేసుకోవాలి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నడపడం నేరం. హెల్మెట్‌లో అమర్చిన స్పీకర్లు వాడొచ్చు. ఆల్కహాల్ పరీక్ష కిట్ ఉండాలన్న పాత నిబంధన 2020లో రద్దయింది. ఇంకా కొనాలని ఎవరైనా చెబితే పట్టించుకోనక్కర్లేదు.

బెల్జియం: గ్లవ్స్, నిండు చేతుల జాకెట్, పొడవు ప్యాంటు, చీలమండను కప్పే బూట్లు 2011 నుంచి తప్పనిసరి.

ఆస్ట్రియా: ఫస్ట్ ఎయిడ్ కిట్ బైక్‌లోనూ ఉండాలి. 12 ఏళ్లలోపు పిల్లల్ని వెనక కూర్చోబెట్టకూడదు. టిరోల్‌లోని రాయిటె జిల్లాలో కొన్ని రోడ్లపై సీజన్‌లో, పత్రాల్లో నమోదైన శబ్దం 95 డెసిబెల్స్ దాటిన బైక్‌లను రానివ్వరు. సైలెన్సర్ మార్చిన బైక్ ఊసే వద్దు.

టోల్, మద్యం, వేగం మాటేమిటి?

ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్లోవేనియా హైవేలకు ‘విన్యెట్’ అనే రోడ్డు పన్ను చీటీ బైక్‌లకూ కావాలి. స్విట్జర్లాండ్‌లో ఏడాదికి 40 ఫ్రాంకులు, తక్కువ రోజుల చీటీ లేదు. ఆస్ట్రియాలో పది రోజులకూ దొరుకుతుంది. జర్మనీలో బైక్‌లకు టోల్ లేదు. ఫ్రాన్స్, ఇటలీల్లో మనలాగే టోల్ గేట్లుంటాయి. ఇటలీ పాత నగరాల మధ్యలో జెడ్‌టీఎల్ బోర్డు కనిపిస్తే, బైక్‌కు అనుమతి ఉందో లేదో చూశాకే లోపలికి వెళ్లండి. కెమెరా ఫొటో తీస్తుంది. నోటీసు అద్దె సంస్థకు వెళ్తుంది. వాళ్లు తమ రుసుము కలిపి మీ క్రెడిట్ కార్డు నుంచి తీసుకుంటారు.

రక్తంలో ఆల్కహాల్ పరిమితి చాలా దేశాల్లో లీటరుకు 0.5 గ్రాములు. చెక్ రిపబ్లిక్, హంగరీ, స్లొవేకియా, రొమేనియాల్లో సున్నా. భోజనంతో ఒక్క గ్లాసు కూడా వద్దు. జర్మనీలో వాహనాల మధ్య సందుల్లోంచి దూరి ముందుకెళ్లడం నిషేధం. జర్మనీ, స్విట్జర్లాండ్‌ల్లో స్పీడ్ కెమెరాల జాడ చెప్పే యాప్‌లు వాడుతూ నడపకూడదు. విదేశీయుల నుంచి చాలాచోట్ల జరిమానా అక్కడికక్కడే వసూలు చేస్తారు.

ప్రమాదం జరిగితే?

అత్యవసర నంబరు మనకు తెలిసిందే: 112. సాయం వచ్చాక, రెండు వైపుల వాళ్లు నింపే ‘యూరోపియన్ యాక్సిడెంట్ స్టేట్‌మెంట్’ అనే ఫారం ఉంటుంది. అద్దె బైక్ పత్రాల్లో అది ఉందో లేదో ముందే చూడండి. అర్థం కాని భాషలో ఉన్న కాగితంపై సంతకం పెట్టకండి. ఫొటోలు తీసుకుని, అద్దె సంస్థకు, మీ బీమా కంపెనీకి అదే రోజు చెప్పండి.

బయల్దేరే ముందు ఈ క్రమంలో చూసుకోండి

మూడు నాలుగు నెలల ముందు: లైసెన్సులో బైక్ కేటగిరీ, గడువు చూడండి. దారి గీసుకుని, ఏ దేశాలో తేల్చుకున్నాకే వీసా దరఖాస్తు చేయండి.

రెండు నెలల ముందు: బైక్ బుక్ చేసి, వెళ్లే దేశాల జాబితాను అద్దె సంస్థతో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ట్రావెల్ పాలసీలో బైక్ షరతులు చదవండి.

వీసా వచ్చాక: ఐడీపీ తీసుకుని ‘ఏ’ కేటగిరీ సరిచూసుకోండి.

చివరి వారం: ఈసీఈ హెల్మెట్, సీఈ గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు, మెరిసే జాకెట్ సర్దుకోండి. కాగితాల జిరాక్సులు ఒక సెట్ బ్యాగులో, ఇంకో సెట్ ఇంట్లో ఉంచండి. ఇంట్లో ఉన్న సెట్‌తో పాటు పాలసీ నంబరు, బీమా కంపెనీ అత్యవసర ఫోన్ నంబరు కూడా రాసిపెట్టండి. ఏదైనా జరిగితే మీ తరఫున ముందుగా ఫోన్ చేసేది ఇంట్లోవాళ్లే.