సముద్రపుటొడ్డు మేడల కింద ఎవరి భూమి?

అమెరికాలో దక్షిణ కరోలినా తీరాన హిల్టన్ హెడ్ అనే దీవి ఉంది. సముద్రానికి ఎదురుగా రిసార్టులు, గోల్ఫ్ మైదానాలు, కాండోలు. కాండో అంటే మన పట్నాల్లో ఫ్లాటు లాంటిదే. ఆ మేడల కింది మట్టి కథ మన రైతుకూలీలు వినదగినది.

1861లో అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలు దిగగానే పత్తి ఎస్టేట్ల దొరలు పారిపోయారు. మరుసటి ఏడే విముక్తులైన బానిసలు మిచెల్‌విల్ అనే సొంత ఊరు కట్టుకున్నారు. 1865 జనవరిలో షెర్మన్ సేనాని ఈ తీరంలో కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇవ్వాలని ఉత్తర్వు వేశాడు. ఆ ఏడాదే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ దాన్ని తిరగదోడాడు. దున్నేవాడికి భూమి అక్కడా కాగితం మీదే! అయినా కొందరు పైసా పైసా కూడబెట్టి చిన్న చిన్న చెక్కలు కొనుక్కున్నారు. వారి సంతతే గల్లా ప్రజలు. చిక్కుళ్లు, పుచ్చకాయలు పండించి, రొయ్యలు పట్టి పడవల మీద సవానా పట్నానికి చేరవేసేవారు.

1956లో వంతెన పడింది. చార్లెస్ ఫ్రేజర్ అనే ఆయన తండ్రి కలప కంపెనీ భూమిలో 'సీ పైన్స్ ప్లాంటేషన్' మొదలెట్టాడు. బానిసల వీపులు చీల్చిన ఎస్టేటు పేరే విలాసానికీ తగిలించారు. సిగ్గులేకపోతే సరి! భూమి ధర ఎక్కింది, వెంటే పన్నూ ఎక్కింది. చిక్కుళ్లు అమ్మినవాడు మేడలవాడి రేటున పన్ను ఎట్లా కడతాడు?

అంతకన్నా పెద్ద ఉరి మరొకటి. తాతలు వీలునామా రాయలేదు. భూమి వారసులందరి ఉమ్మడిగా ఉండిపోయింది. పోయిన తాత పేరు మీదే పాస్‌బుక్కు ఉండిపోవడం మన ఊళ్లలోనూ చూస్తున్నాం. ఎక్కడో దూరాన ఉన్న ఒక్క వారసుడి వాటా బిల్డరు కొంటే చాలు, పంపకానికి దావా వేసేవాడు. పంచడం కుదరదంటే కోర్టు మొత్తం భూమిని వేలానికి పెట్టేది. పాడుకునేదెవరు? డబ్బున్నవాడే. మిగతా వారసులకు ముందుగా కొనుక్కునే హక్కిచ్చే చట్టం ఆ రాష్ట్రంలో 2016లోగాని రాలేదు.

కొన్ని పూర్వీకుల శ్మశానాలు రిసార్టు గేట్ల లోపల పడిపోయాయి. తాత సమాధికి దణ్ణం పెట్టాలన్నా గేటు కాడ కావలివాడికి చెప్పుకోవాలి. హోటళ్లలో పక్కలు సర్దడానికి, గదులు కడగడానికి కూలీలు ఎదురుగట్టు జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చేవారు. కొందరికి రానూ పోనూ నాలుగు గంటలు. దీన్ని అభివృద్ధి అనడానికి మాకు నోరు రాదు.

గల్లా కుటుంబాలు ఇంకా కొంత భూమి పట్టుకునే ఉన్నాయి. 2005 నుంచి చార్లెస్టన్‌లో ఒక సంస్థ లాయర్లను పెట్టి, ఇలాంటి ఉమ్మడి భూముల హక్కు కాగితాలు సరిచేయిస్తోంది.